రొట్టెల వ్యాను మూలుగు

అక్కా,

సకల బంధుమిత్రులకూ, అందులో మరీ ముఖ్యంగా నా మీద అలిగి కూర్చున్న మా అక్కకూ, నేను గంభీరంగా ప్రకటించేది ఏమిటంటే, నా నీలం చొక్కా మూడో గుండీ నిన్న మధ్యాహ్నం పదవీ విరమణ చేసింది. దాని స్థానంలో ఒక పిన్నీసు తాత్కాలికంగా బాధ్యతలు స్వీకరించింది. కొట్లో చిట్లిన టీ గ్లాసు ఇకమీదట నాకు నచ్చనివాళ్ళకే ఇవ్వబడును. కొట్టు ముందు పడుకునే కుక్క ఇవాళ్టి నుంచి కొట్టు వెనక పడుకొనును. ఎవరికైనా అభ్యంతరం ఉంటే కాగితం మీద రాసి పంపాలి. కుక్క చదివి జవాబిస్తుంది.

నవ్వావా? నవ్వి ఉండవు. ఫోన్ చేద్దామంటే నువ్వు ఎత్తవు. కూతురింట్లో ఉన్న నీకు నేనే ఫోన్ చేసి, పోలీసు స్టేషన్ నుంచి మాట్లాడుతున్నట్టు గొంతు మార్చి, మీ మనవరాలి ఏడుపు మీద వీధివాళ్ళు ఫిర్యాదు చేశారని చెప్పిన మాట నిజమే. కానీ నువ్వు చంటిదాన్ని ఎత్తుకుని ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ చెప్పొస్తావని నేనేం కలగన్నానా? ఏడో క్లాసులో హెడ్మాస్టరు దండం పెట్టి బడి మాన్పించిన చేత్తో ఉత్తరం రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో, కాస్త కోపం తగ్గుతుంది.

నీ మొగుడికి ఏదో అయిందక్కా. ఏమైందో నాకు అంతు చిక్కడం లేదు. బేకరీ నడిపే రొట్టెలావిడ తెలుసుగా, నవ్వితే అద్దాలు అదిరే మనిషి. ఆవిడ వ్యాను పోయిన వారం బావ షెడ్డుకొచ్చింది. స్టార్టు చేస్తే ఇంజన్ ముందువైపు నుంచి మూలుగు, కడుపునొప్పితో పడుకున్నవాడు మూలిగినట్టు. పక్కన నా పంక్చర్ల కొట్లో గాలి మిషను నడుస్తున్నా వినపడేంత మూలుగు. అలాంటప్పుడు బావ చేసే పని నీకు తెలియంది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ తిరుగుతాడు. ఎప్పుడు మొదలైంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అని బండి తోలేవాణ్ణి విసిగిస్తాడు. తర్వాత ఆ సన్నటి ఇనప కడ్డీ తీసి, ఒక కొన ఇంజన్‌కి ఆనించి, ఇంకో కొన చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్కో చోటా వింటాడు. జబ్బేదో తేలేదాకా స్పానర్ ముట్టడు. ఎవడైనా ముట్టబోతే, "పోస్టుమార్టం తర్వాత చేద్దువుగాని, ముందు నాడి చూడు" అని తిట్టేవాడు.

ఈసారి ఆ కడ్డీ గోడ మీద నుంచి దిగనే లేదు. ఇంజన్ వైపు అలా ఒకసారి చూసి, ఆల్టర్నేటర్, అదే బెల్టుతో తిరిగి బ్యాటరీకి కరెంటు ఇచ్చేది, పోయిందన్నాడు. కొత్తది బిగించాడు. మూలుగు అలాగే ఉంది. వాటర్ పంపు అన్నాడు. మార్చాడు. అలాగే ఉంది. విప్పి పక్కన పడేసిన పాత ఆల్టర్నేటర్‌ని నేను చేత్తో తిప్పి చూశానక్కా, వెన్నలా తిరుగుతోంది! దానికి ఏ జబ్బూ లేదు. ఇప్పుడు ఇంజన్ ముందు భాగమంతా విప్పి లోపల చైను మారుస్తానంటున్నాడు. రొట్టెలావిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "మేస్త్రీ గారూ, మీ ఊపు చూస్తే చివరికి ఆ బండిలో పాత సామాను నేనొక్కదాన్నే మిగిలేలా ఉన్నాను" అంది. షెడ్డంతా నవ్వింది. బావ మాత్రం తల ఊపి, "రేపు తీసుకెళ్ళండి" అన్నాడు.

ఇంకో వింత. "ఒరేయ్, స్పానర్!" అంటే వీధి చివర పావురాలు లేచిపోయే గొంతు కదా ఆయనది. ఇప్పుడు నిద్రపోయే పసివాడి పక్కన మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడుతున్నాడు. తిట్టడం లేదు. నన్ను! నన్ను తిట్టకుండా ఆయనకి పూట ఎలా గడుస్తోందక్కా? మీ ఇద్దరికీ ఏమైనా గొడవైందా? నువ్వు మనవరాల్ని చూసుకోవడానికి వెళ్ళినప్పటి నుంచి ఈయన వేరే మనిషిలా ఉన్నాడు. జవాబు రాయి.

నువ్వు నమ్మకూడని,
నమ్మక తప్పని తమ్ముడు

•

అక్కా,

నీ ఉత్తరం అందింది. అందులో తిట్లు పోగా మిగిలింది రెండుసార్లు చదివాను.

చంటిదానికి జ్వరం, ఒళ్ళు కాలిపోతోందని నువ్వు ఏడుస్తూ ఫోన్లో చెబితే, బావ "మంచిది, సరే" అని పెట్టేశాడా? అంతకుముందు నువ్వు ఎన్నిసార్లు చేసినా ఊఁ, ఊఁ, అంతేనా? కూతురు గది సర్దిపెట్టిందనీ, ఇక అక్కడే ఉండిపోతాననీ, గోడతో కాపురం చేసింది చాలనీ రాశావు. బట్టల పెట్టె ఎవరితోనైనా పంపమన్నావు. చివర్లో, ఆయనకి ఎవరో ఉన్నారేమో కనుక్కోమన్నావు. ఆ వాక్యం దగ్గర సిరా అలికిపోయింది. నేను జోకేద్దామనుకున్నాను కానీ చెయ్యి రాలేదు.

పెట్టె పంపను. ముందు ఏం పాడైందో తేలనీ. మొగుణ్ణి మార్చేటప్పుడైనా ఆయన పాత పద్ధతి పాటిద్దాం. ఒక్కొక్కటే చూసి, కాదనుకున్నదాన్ని పక్కన పెడదాం.

మొదట ఆడమనిషి సంగతి. సాయంత్రాలు ఆయన వెనకే నడిచాను. షెడ్డు నుంచి ఇంటికి, ఇంటి నుంచి షెడ్డుకి. కూరగాయల దుకాణంలో ఒక పుచ్చకాయని చాలాసేపు తట్టి చూసి, మొహం చిట్లించి, కొనకుండా వదిలేశాడు. ఆయన జీవితంలో ఉన్న ఇంకో ఆడది ఆ పుచ్చకాయేనని నా నివేదిక. అది కూడా చెడింది.

తర్వాత కోపం. నీ మీద కోపమైతే ఇంట్లో నీ వస్తువుల మీద కనపడాలి కదా అని, తలుపు తోసుకుని వెళ్ళాను. నీ దువ్వెన నువ్వు పెట్టిన చోటే ఉంది. బావ టీవీ ముందు కూర్చుని కుస్తీ పోటీ చూస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు, కుస్తీవాళ్ళు నేలకేసి బాదుకుంటున్నారు, ఇంట్లో మాత్రం ఫ్యాను చప్పుడొక్కటే. టీవీ గొంతు నొక్కేసి ఉందక్కా. "సౌండు లేదేంటి బావా?" అన్నాను. పలకలేదు. రిమోటు తీసి నొక్కాను. ఒక్కసారి గది దద్దరిల్లింది. ఆయన తల తిప్పలేదు. నా చేతిలో రిమోటు చూసి మాత్రం ఉలిక్కిపడి, "ఆఁ, తలనొప్పిగా ఉంటే నేనే తగ్గించాను" అన్నాడు. తగ్గించిందేమిటి, చెవులు పగిలేలా మోగుతుంటే!

నాకు బుర్ర తిరిగింది. ఒకవేళ నన్నే ఆటపట్టిస్తున్నాడా? ఇన్నాళ్ళూ నేను చేసినవాటికి వడ్డీ తీరుస్తున్నాడా? అది తేల్చడానికి మర్నాడు షెడ్డులో పరీక్ష పెట్టాను. ఆయన బండి కింద చూస్తుండగా వెనక నిలబడి, "బావా, నీ ప్యాంటు వెనక చిరిగింది" అన్నాను. చెయ్యి వెనక్కి వెళ్ళలేదు. చిరిగిందంటే ఏ మగాడి చెయ్యైనా వెళ్ళాలి కదక్కా, అది మన చేతిలో ఉన్న పని కాదు. "షెడ్డు తగలబడుతోంది బావా" అన్నాను. కదల్లేదు. ఎదురుగా వచ్చి, నవ్వు మొహంతో, తీయగా, "నీ అంత పనికిమాలిన దున్నపోతు ఎక్కడా లేడు బావా" అన్నాను.

నా మొహం చూసి తనూ నవ్వి, "అవునవును, నిజమే" అన్నాడు.

అక్కా, జీవితంలో నేను వేసిన ఏ ఎత్తూ ఇంత బాగా పారలేదు, ఇంత చేదుగానూ లేదు. బావకి వినపడడం లేదు. మన మొహాలు చూసి జవాబిస్తున్నాడు. ఫోన్లో మొహం ఉండదు కదా, అందుకే ఊఁ, ఊఁ. ఆ జ్వరం మాట ఆయన వినలేదు. కడ్డీ గోడ మీద నుంచి ఎందుకు దిగలేదో ఇప్పుడు తెలిసింది. వినపడని చెవికి ఆనించి ఏం చేసుకుంటాడు? అందుకని కంటికి కనపడిందల్లా మారుస్తున్నాడు.

కానీ ఒకటి అర్థం కాదు. చెవులు పోయినవాడు అరిచి మాట్లాడాలి గదా, మన పెద్దనాన్న అరిచినట్టు? ఈయన మెల్లగా ఎందుకు మాట్లాడుతున్నాడు? నేను తప్పు కనుక్కున్నానేమో. నువ్వు తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోకు. నాకూ సరిగ్గా తెలియడం లేదు.

తికమకలో ఉన్న,
తమ్ముడు

•

అక్కా,

కూర్చుని చదువు. చంటిదాన్ని పక్కన పడుకోబెట్టి చదువు, ఎందుకంటే మధ్యలో నువ్వు ఎగిరే అవకాశం ఉంది.

బావని పక్కకి లాగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని సైగ చేస్తూ, "నీకు వినపడట్లేదు కదా?" అని అడిగాను. "నీకు బుద్ధి లేదు కదా?" అని ఎదురు అడిగి, వెళ్ళి వ్యాను కింద దూరాడు. వినపడదని తెలిస్తే ఆయనకి బండి ఎవరిస్తారు చెప్పు. అందుకే భయం. రొట్టెలావిడ సాయంత్రం వస్తాననీ, అప్పటికీ మూలుగు పోకపోతే బండిని ఇంకో షెడ్డుకి లాక్కెళతాననీ చెప్పి పోయింది. బావ ఇంజన్ ముందు భాగం విప్పడానికి సిద్ధమయ్యాడు. నేను అడ్డం పడ్డాను. "బెల్టు తీసి ఒక్క నిమిషం నడిపి చూడు బావా" అని సైగలు చేశాను. ఇది నా తెలివేం కాదు, ఆయన నాకు పంక్చర్ల కంటే ముందు నేర్పిన పాఠమే. బెల్టు తీసేశాక మూలుగు పోతే, రోగం బెల్టు తిప్పే వాటిల్లోనే ఉన్నట్టు. అప్పుడు లోపలి చైను జోలికి పోనక్కర్లేదు.

గొణుక్కుంటూనే తీశాడు. ఇంజన్ నడిపాను. మూలుగు లేదు! నేను గంతులేశాను. ఆయన నా గంతులు చూసి, ఆగిందని తెలుసుకున్నాడు. తెలుసుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏదోలా ఉంది. మేస్త్రీ తన ఇంజన్ సంగతి పంక్చర్లవాడి గంతులు చూసి తెలుసుకోవడం.

మళ్ళీ బెల్టు తొడిగి నడిపాం. ఆల్టర్నేటరూ పంపూ కొత్తవే. బెల్టు తిప్పేవి ఇంకా మూడు నాలుగున్నాయి, వాటిల్లో ఏదో? నేను వెళ్ళి గోడ మీది కడ్డీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. నేనే వింటాను ఎలాగో చెప్పు అనేది నా ఉద్దేశం. ఆయనకి ఒళ్ళు మండింది. కడ్డీ లాక్కుని, రెండు చేతులతో లోపలి వైరు ఒకటి పక్కకి తొలగించాల్సి వచ్చి, ఆ కడ్డీని పళ్ళతో కరిచి పట్టుకుని వంగాడు. కడ్డీ రెండో కొన వెళ్ళి ఇంజన్‌కి తగిలింది.

బావ అలాగే వంగి ఉండిపోయాడు. నడుం పట్టేసిందనుకున్నాను. మెల్లగా కళ్ళు మూసుకున్నాడక్కా. పాత రోజుల్లో మూసుకున్నట్టే. చెయ్యెత్తి నన్ను కదలొద్దన్నాడు. కొన జరిపి ఆల్టర్నేటర్ బోల్టు మీద పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. పంపు మీద పెట్టాడు. మళ్ళీ అడ్డంగా. చివరికి బెల్టుని బిగించి పట్టే చిన్న చక్రం ఉంటుంది, అరచేతిలో ఇమిడేంత, దాని నడిమి బోల్టు మీద పెట్టాడు. అన్నంలో రాయి తగిలినవాడిలా మొహం పెట్టాడు. కడ్డీ నోట్లోంచి తీసి, "ఇసక" అన్నాడు. "ఇసక నములుతోంది వెధవ చక్రం." ఆ చక్రం విప్పి చేతిలో తిప్పితే నాకూ తెలిసింది, లోపల గరగర. అంత చిన్నదాని కోసం అన్ని పెద్దవి మార్చాడు.

కొత్త చక్రం వేశాక ఇంజన్ పిల్లిలా గుర్రుగుర్రుమంది. అయినా ఆయన కడ్డీ వదల్లేదు. పళ్ళతో పట్టుకుని, బండి చుట్టూ తిరుగుతూ, అక్కర్లేని చోటల్లా ఆనించి వింటున్నాడు. చెవుల్లోంచి పోని చప్పుడు పళ్ళలోంచి పోతోందన్నమాట. ఇదెక్కడి విడ్డూరమో నాకు తెలీదు. నాకు మాత్రం ఒక ఆలోచన వచ్చింది. కడ్డీ ఒక కొన ఆయన పళ్ళ మధ్య ఉండగానే రెండో కొన పట్టుకుని నా గొంతుకి ఆనించుకుని, "బావా! నేను! వినపడుతున్నానా?" అని అరిచాను.

సరిగ్గా అప్పుడే రొట్టెలావిడ గేట్లోంచి వచ్చింది. ఆవిడకి కనపడిందేమిటి? నా గొంతుకి ఇనప కడ్డీ, కడ్డీ చివర పళ్ళు బిగించిన మేస్త్రీ. "అయ్యో, పొడిచేస్తున్నాడు! పట్టుకోండి!" అని ఆవిడ పెట్టిన కేక ఉందే, అది మాత్రం బావకి ఏ కడ్డీ లేకుండానే వినపడి ఉంటుంది.

నువ్వు ఎగరాల్సిన చోటు ఇదే. ఆ కడ్డీ అలా ఉండగానే, బావ పళ్ళ మధ్య నుంచే అన్నాడు: "ఇంజన్లు వినపడకపోయినా ఏదోలా బతుకుతానురా. మీ అక్క పిలిస్తే వినపడకపోవడమే చచ్చేంత కష్టంగా ఉంది." అంతే అన్నాడు. నేను కన్నీళ్ళు పెట్టుకోలేదు. గ్రీజు పడింది కంట్లో.

ఇప్పుడు నీ ఇష్టం.

నీ తమ్ముడు
(గొంతు మీద కడ్డీ గీత ఇంకా ఉంది)

•

అక్కా,

నీ కార్డు వచ్చింది. "వస్తున్నాను. ఆ ఒక్క మాట కోసం వస్తున్నాను. ఆదివారం దిగుతాను" అని మూడే మూడు ముక్కలు. ఇన్నేళ్ళలో నువ్వు నాకు తిట్టు లేకుండా రాసిన మొదటి కాగితం ఇదే. అందుకే రెండు రోజులుగా రాసి చింపి, రాసి చింపి, చివరికి ఇది రాస్తున్నాను. నువ్వు బయల్దేరేలోపు అందాలి.

ముందు మంచి వార్త. రొట్టెలావిడ ఊరుకోలేదు. "నా బండి రోగం కనిపెట్టారు, ఇప్పుడు మీరు నా బండెక్కండి" అని బావని రొట్టెల బుట్టల మధ్య కూర్చోబెట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను. డాక్టరు కొన రెండుగా చీలిన చిన్న ఇనప పుల్లని మోగించి చెవి దగ్గర పెడితే బావ తల అడ్డంగా ఊపాడు, దాన్నే చెవి వెనక ఎముకకి ఆనిస్తే నిలువుగా ఊపాడు. చెవి లోపల ఓ చిన్న ఎముక బిగుసుకుపోయి ఉండొచ్చట, లోపలి నరం మాత్రం బాగానే ఉందట. ఇలాంటి వాళ్ళకి తమ గొంతు తమకే గట్టిగా వినపడుతుందట, అందుకే మెల్లగా మాట్లాడతారట. ఆపరేషనా, చెవిలో పెట్టుకునే మిషనా అనేది ఇంకో పరీక్ష చేశాకే చెబుతానన్నాడు. అది నేను కాగితం మీద రాసి చూపిస్తే, బావ డాక్టర్ని ఎగాదిగా చూసి, "పద్ధతి తెలిసినవాడే" అన్నాడు. షెడ్డుకి తిరిగొచ్చాక బావ పాత ఆల్టర్నేటరూ పంపూ మళ్ళీ వ్యానుకే బిగించేసి, కొత్తవి దుకాణానికి తిప్పి పంపేశాడు కూడా. రొట్టెలావిడ నవ్వింది, అద్దాలు అదిరాయి. చంటిదాని జ్వరం సంగతి బావకి రాసి చూపించాను. కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివి, "తగ్గిందా?" అని అడిగాడు. తగ్గిందని నువ్వు ఉత్తరంలో రాశావుగా, తల ఊపాను. ఆ రోజు పనిలోకి రాలేదు.

ఇక చెడు వార్త. ఇది నేను చెప్పకపోతే, ఆదివారం నువ్వు గుమ్మంలోకి అడుగు పెట్టి ఆ మాట గురించి ఆయన్ని అడుగుతావు, ఆయన తెల్లమొహం వేస్తాడు, నువ్వు మళ్ళీ పెట్టె పట్టుకుంటావు.

కడ్డీ మీద నేను అరిచినప్పుడు బావ అన్నది వేరు. "నీ గొంతేం మారలేదురా, అదే దరిద్రపు గొంతు" అన్నాడు. అని, నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియని మొహం ఒకటి పెట్టాడు. నేను వెంటనే, "అక్కకి రాయనా?" అని అడిగాను. కడ్డీ తీసేసి, "రాయకు" అన్నాడు. అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఎటు తిప్పినా నాకు అర్థం కాలేదక్కా. సిగ్గుతో అన్నాడా? నువ్వు జాలిపడతావని అన్నాడా? నువ్వు రావడమే ఇష్టం లేదా? అడిగి తెలుసుకోవాల్సింది. ఒక్కో చోటా ఆనించి వినాల్సింది. నాకు ఓపిక లేకపోయింది, నీ పెట్టె సంగతి తలుచుకుంటే భయమేసింది. ఆ మాటకి ఏం జబ్బో చూడకుండానే దాన్ని ఊడబీకి, దాని చోట నాకు నచ్చిన కొత్త మాట బిగించేశాను. బావని వెక్కిరించిన నోటితోనే.

ఆ "రాయకు" అన్నదానికి అర్థం ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. నువ్వొచ్చి వింటే నీకు తెలుస్తుందేమో, ఆయనతో కాపురం చేసింది నువ్వు కదా. రానంటే నేను అడగను, పెట్టె నేనే మోసుకొస్తాను.

ఆయనకి వినపడదన్న మాట నిజం. చక్రం నిజం, రొట్టెలావిడ కేక నిజం, డాక్టరు నిజం, "తగ్గిందా?" అని అడిగిందీ నిజం. నువ్వు ఏ మాట కోసం బయల్దేరుతున్నానని రాశావో, ఆ మాట ఒక్కటే, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా, నేను కల్పించింది.

నీ
తమ్ముడు